ద్వారపాలకుని జ్ఞాపకశక్తి

కోటకు ద్వారం ఎంత ముఖ్యమో, ఆ ద్వారం వద్ద నిలిచే కాపలావాడు అంతకంటె ముఖ్యం. నేడు బ్యాంకు శాఖలు, ఆసుపత్రులు, కళాశాలలు, పంచాయతీ కార్యాలయాలు ఇంటర్నెట్‌తో ముడిపడి ఉన్నాయి. అటువంటి కార్యాలయంలో ఏ గోడకో, ఏ అలమర మూలనో చిన్న లోహపు పెట్టె ఒకటి కనిపిస్తుంది. దానికి తెర ఉండదు, కీబోర్డు ఉండదు. నాలుగైదు తీగలు, మిణుకుమిణుకుమనే రెండు మూడు దీపాలు మాత్రమే ఉంటాయి. లోపలి కంప్యూటర్లకూ బయటి ప్రపంచానికీ మధ్య నడిచే సమాచారమంతా దాని గుండానే పోవాలి. సమాచారానికి దారి చూపే పెట్టెను రౌటర్ అనీ, రాకపోకలను తనిఖీ చేసి అవాంఛితులను నిలిపివేసే పెట్టెను ఫైర్‌వాల్ అనీ అంటారు. చాలాచోట్ల ఈ రెండు పనులను ఒకే పెట్టె చేస్తుంది.

ఈ ద్వారపాలకుడు రాత్రింబవళ్ళు, ఏళ్ళ తరబడి విశ్రాంతి లేకుండా పనిచేస్తాడు. పని సక్రమంగా సాగినంతకాలం అతడు ఉన్నాడన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. కరెంటు పోయి వచ్చిన ఒక ఉదయాన అతడు మేలుకోకపోతే అప్పుడు అందరికీ గుర్తుకు వస్తాడు. బ్యాంకులో ఖాతాదారులు వరుసలో నిలబడిపోతారు. ఆసుపత్రిలో రక్తపరీక్ష ఫలితం ప్రయోగశాల నుండి వార్డుకు చేరదు. పెట్టె విప్పి చూస్తే ప్రాసెసర్ బాగానే ఉంటుంది, తీగలన్నీ బాగానే ఉంటాయి. దోషం ఒక్కోసారి గోరంత చిప్‌లో ఉంటుంది. ద్వారపాలకుడు తానెవరో, తన విధి ఏమిటో మరచిపోయాడన్న మాట. అతని జ్ఞాపకశక్తికి ఆధారమైన ఆ చిప్‌నే ఘనస్థితి నిల్వ సాధనం అంటారు.

కంప్యూటర్లలో నిల్వకు చిరకాలం హార్డ్ డిస్కులనే వాడారు. హార్డ్ డిస్కులో ఒక పళ్ళెం నిమిషానికి వేల సార్లు తిరుగుతూ ఉంటుంది. దానిపై వెంట్రుకవాసికన్న తక్కువ ఎత్తులో ఒక సూది వంటి భాగం కదులుతుంది. వేడికీ, అదురుకూ, దుమ్ముకూ నిలిచి పనిచేయవలసిన చిన్న పెట్టెలో ఇటువంటి సున్నితమైన యంత్రం ఇమడదు. ఘనస్థితి నిల్వలో కదిలే భాగమే లేదు. అందువలన దానికి చావు లేదని భావించినవారు కూడా కొందరున్నారు. కదలనిది అరగదన్న ఆ నమ్మకమే చాలా నష్టాలకు మూలమైంది.

ఘనస్థితి నిల్వ ఎందుకు అరుగుతుందో తెలియాలంటే దాని నిర్మాణాన్ని కొంత తెలుసుకోవాలి. 1967లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డావన్ కాంగ్, సైమన్ జీ అనే శాస్త్రజ్ఞులు ఎలక్ట్రాన్లను బంధించి ఉంచగల ఒక ట్రాన్సిస్టర్‌ను రూపొందించారు. దానిలో చుట్టూ విద్యుత్ నిరోధక పొరతో మూసివేసిన చిన్న గది వంటి భాగం ఉంటుంది. అధిక వోల్టేజితో ఎలక్ట్రాన్లను ఆ పొర గుండా లోనికి నెడితే, విద్యుత్తు తీసివేసిన తరువాత కూడా అవి లోపలే ఉండిపోతాయి. గదిలో ఎలక్ట్రాన్లు ఉన్నాయా లేవా అన్నదే ఒకటి, సున్న అన్న లెక్క. ఈ సూత్రం ఆధారంగా జపానులోని తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువోకా 1984లో ఫ్లాష్ మెమరీని లోకానికి వెల్లడించాడు. నేటి నిల్వ సాధనాలకు మూలమైన నాండ్ ఫ్లాష్‌ను 1987లో ప్రకటించాడు. ఒక సమూహంలోని గదులన్నీ ఒక్కసారిగా ఖాళీ అయ్యే తీరు కెమెరా మెరుపును తలపించిందట. అందుకే అతని సహోద్యోగి షోజీ అరియిజుమి దానికి ఫ్లాష్ అని పేరు సూచించాడు.

ఆ ఒక్కసారిగా ఖాళీ చేయడంలోనే అసలు చిక్కు ఉంది. ఫ్లాష్ చిప్‌లో రాయడం పేజీల వారీగా జరుగుతుంది. చెరపడం మాత్రం వందల పేజీలు కలిసిన బ్లాకుల వారీగా జరుగుతుంది. పేజీలోని ఒక్క అక్షరాన్ని మార్చవలసివచ్చినా, దానిని ఉన్నచోటనే చెరిపి తిరిగి రాయడం కుదరదు. గోడపై రాసిన ఒక అక్షరం తప్పయితే గోడకంతటికీ సున్నం కొట్టి, మిగిలిన రాతనంతా మళ్ళీ రాయడం వంటిది ఇది. ఈ శ్రమ తగ్గించడానికి నిల్వలోని కంట్రోలర్ అనే చిన్న ప్రాసెసర్ ఒక ఉపాయం పాటిస్తుంది. కొత్త రాతను వేరే ఖాళీ పేజీలో రాసి, పాత పేజీ చెల్లదని గుర్తు పెట్టుకుంటుంది. చెల్లని పేజీలు పెరిగినప్పుడు మంచివాటిని మరొక చోటికి తరలించి, బ్లాకునంతటినీ చెరుపుతుంది. కాబట్టి బయటినుండి ఒక పాలు రాయమని ఆజ్ఞ వస్తే, లోపల మూడు పాళ్ళో, పది పాళ్ళో రాయవలసి రావచ్చు. చిన్న చిన్న రాతలు మాటిమాటికీ వచ్చినప్పుడు ఈ భారం మరింత పెరుగుతుంది.

రాసి చెరిపిన ప్రతిసారీ ఎలక్ట్రాన్లు నిరోధక పొరను దాటవలసిందే. దాటిన ప్రతిసారీ ఆ పొర కొంత దెబ్బతింటుంది. కొన్ని వేల సార్లు జరిగేసరికి గది తలుపు సరిగా మూసుకోదు. ఒక గదిలో ఒకే బిట్‌ను దాచే పాత పద్ధతిలో సుమారు 1,00,000 సార్లు చెరిపి రాసే వీలుండేది. తక్కువ ధరకు ఎక్కువ నిల్వ కావాలన్న కోరికతో తయారీదారులు ఒకే గదిలో రెండు, మూడు, నాలుగు బిట్లను కూర్చడం మొదలుపెట్టారు. రెండు బిట్లకు నాలుగు స్థాయిలు, మూడింటికి ఎనిమిది, నాలుగింటికి పదహారు స్థాయిల విద్యుదావేశాన్ని వేరు వేరుగా గుర్తించాలి. స్థాయిల మధ్య ఎడం తగ్గిన కొద్దీ ఓర్పు తగ్గింది. రెండు బిట్ల చిప్‌లు 3,000 నుండి 10,000 సార్ల వరకు ఓర్చుకుంటే, నాలుగు బిట్లవి వెయ్యి సార్ల ప్రాంతంలోనే అలసిపోతాయి. 2013లో శామ్‌సంగ్ సంస్థ గదులను అంతస్తుల మేడ వలె పేర్చిన చిప్‌లను విడుదల చేసింది. ఆ పద్ధతి వ్యాప్తిలోకి వచ్చాక మూడు బిట్ల చిప్‌ల ఓర్పు కొంత మెరుగుపడింది.

తొలితరం నెట్‌వర్క్ పరికరాలను రూపొందించినవారికి ఈ బలహీనత బాగా తెలుసు. 2003లో మాన్యుయెల్ కాస్పర్ ప్రారంభించిన మోనోవాల్ అనే ఉచిత ఫైర్‌వాల్ అందుకు చక్కని ఉదాహరణ. అది 16 మెగాబైట్ల కాంపాక్ట్ ఫ్లాష్ కార్డులో ఇమిడిపోయేది. పరికరం మేలుకొన్న వెంటనే కార్డులోని కార్యక్రమమంతా తాత్కాలిక స్మృతిలోనికి చేరుకొని అక్కడినుండే నడిచేది. యజమాని చేసిన అమరికలన్నీ ఒకే ఒక చిన్న ఫైలులో ఉండేవి. అమరిక మార్చినప్పుడు తప్ప కార్డుపై రాత అన్నదే లేదు. దాని నుండి 2004లో శాఖగా వెలువడిన పీఎఫ్‌సెన్స్ కూడా కార్డులపై నడిపేవారి కోసం ఇదే పద్ధతిని చాలాకాలం కొనసాగించింది. అదే 2004లో మొదలైన ఓపెన్ రౌటర్ ప్రయత్నం, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ, కేవలం 4 మెగాబైట్ల ఫ్లాష్ గల ఇంటి రౌటర్లలో కాపురం పెట్టింది. దినచర్య చిట్టాను అది ఫ్లాష్‌పై కాక తాత్కాలిక స్మృతిలోనే ఉంచేది. పేదరికం నేర్పిన పొదుపు ఇది.

తరువాత కాలం మారింది. నిల్వ చవక అయింది. ద్వారపాలకునికి బాధ్యతలు పెరిగాయి. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎక్కడికి వెళ్ళారు, ఎవరిని ఆపివేశారు అన్న వివరాలన్నీ చిట్టాలో రాయడం, దాడులను పసిగట్టే కార్యక్రమాలు నడపడం, నిమిష నిమిషానికి గణాంకాల పటాలు గీయడం కూడా అతని పనులయ్యాయి. మోనోవాల్ 2015లో ముగిసింది. కార్డుపై రాయకుండా నడిచే విధానాన్ని పీఎఫ్‌సెన్స్ 2017లో వదిలివేసింది. పొదుపు అలవాటు పోయింది గాని, ఫ్లాష్ గదుల గోడలు మాత్రం మునుపటికంటె పలుచబడ్డాయి.

ఒక చిన్న లెక్క ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. ఒక ఫైర్‌వాల్ సెకనుకు 100 పంక్తుల చిట్టా రాస్తుందని అనుకుందాం. పంక్తికి 200 బైట్లు. రోజుకు 86,400 సెకన్లు కనుక మొత్తం సుమారు 1.73 గిగాబైట్లు. ఇది చాలా తక్కువగా తోచవచ్చు. కాని చిన్న రాతల వలన లోపలి భారం పది రెట్లయితే రోజుకు 17.3 గిగాబైట్లు అవుతుంది. పరికరంలోని చిప్ పరిమాణం 8 గిగాబైట్లు, ఓర్పు 3,000 సార్లు అయితే, దాని జీవితకాలంలో రాయగలిగినది 24,000 గిగాబైట్లు మాత్రమే. భాగిస్తే సుమారు 1,390 రోజులు వస్తుంది. అంటే నాలుగేళ్ళు నిండకుండానే ద్వారపాలకుని జ్ఞాపకశక్తి హరించుకుపోతుంది. అదే రకపు చిప్‌లతో 120 గిగాబైట్ల నిల్వను అమర్చితే ఆయుర్దాయం 57 ఏళ్ళకు పైబడుతుంది. చిట్టా దాచుకోవడానికి అంత చోటు అవసరం రాకపోవచ్చు. ఇక్కడ చోటు కావలసింది దాచడానికి కాదు, అరుగుదలను నలుమూలలకు పంచడానికి. రైతు ఒకే చెక్కలో ఏటా ఒకే పైరు వేయక మార్చి మార్చి వేసినట్లే, కంట్రోలర్ కూడా రాతలను అన్ని బ్లాకులకూ సమంగా పంచుతుంది. పొలం పెద్దదైన కొద్దీ ఒక్కొక్క చెక్కకు విశ్రాంతి ఎక్కువ.

ఇటువంటి లెక్క ముందే వేసుకోకపోవడం వలన కలిగే నష్టం ఎంతటిదో ఒక కార్ల సంస్థ అనుభవం చూపుతుంది. టెస్లా సంస్థ 2012 – 2018 మధ్య తయారుచేసిన కొన్ని కార్ల ముందుభాగంలోని కంప్యూటర్‌కు 8 గిగాబైట్ల ఫ్లాష్ చిప్‌ను బోర్డుకు అతికించి అమర్చారు. దాని ఓర్పు 3,000 సార్లు. కంప్యూటర్ నిత్యం రాసే చిట్టాల వలన అయిదారేళ్ళలో ఆ చిప్ నిండుగా అరిగిపోయింది. ఫలితంగా తెర ఆరిపోయి, వెనుక దారి చూపే కెమెరా బొమ్మ కూడా కనిపించకుండా పోయింది. అమెరికా రహదారి భద్రతా సంస్థ కోరిన మీదట 2021లో సుమారు 1,35,000 కార్లను మరమ్మతుకు వెనుకకు పిలువవలసి వచ్చింది. పెట్టె వేరైనా రోగం అదే. బోర్డుకు అతికించిన చిప్‌తో ఉన్న మరొక ఇబ్బంది కూడా ఇక్కడ కనిపిస్తుంది. అది అరిగిపోతే దానిని మాత్రమే మార్చడం సామాన్యులకు సాధ్యం కాదు. ధర కొంత ఎక్కువైనా, విప్పి మార్చుకొనే వీలున్న నిల్వ గల పరికరమే మేలు.

అరుగుదల నెమ్మదిగా వచ్చే వార్ధక్యం వంటిది. కరెంటు పోవడం పిడుగుపాటు వంటిది. గ్రామాలలోను, చిన్న పట్టణాలలోను నెట్‌వర్క్ పరికరాలు నడిపేవారికి ఈ రెండవ ఆపదే ఎక్కువ పరిచయం. కంట్రోలర్ రాతలను ఎప్పటికప్పుడు తావు మారుస్తూ ఉంటుంది కనుక, ఏ సమాచారం ఏ గదిలో ఉందో తెలిపే పట్టిక ఒకటి దానికి అవసరం. ఆ పట్టికలోని తాజా భాగం తాత్కాలిక స్మృతిలో ఉంటుంది. సరిగా రాస్తున్న వేళ విద్యుత్తు ఆగిపోతే, రాస్తున్నది పోవడమే కాక పట్టిక కూడా చెదరిపోవచ్చు. గ్రంథాలయంలో పుస్తకాలన్నీ పదిలంగా ఉండి, వాటి సూచిక మాత్రం తగలబడినట్లవుతుంది. ఒకే గదిలో రెండు మూడు బిట్లను ఉంచే చిప్‌లలో ఇంకొక ప్రమాదం ఉంది. క్రొత్త బిట్‌ను రాస్తుండగా విద్యుత్తు పోతే, ఏనాడో భద్రంగా రాసి ఉంచిన పాత బిట్ సైతం చెడవచ్చు.

ఇది కేవలం ఊహ కాదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయం, హెచ్‌పీ ప్రయోగశాల పరిశోధకులు 15 ఎస్‌ఎస్‌డీలకు పదే పదే హఠాత్తుగా విద్యుత్తు నిలిపి పరీక్షించి, 2013లో ఫలితాలు వెల్లడించారు. పదిహేనింటిలో 13 ఏదో ఒక విధంగా తప్పాయి. కొన్నింటిలో రాత సగంలో తెగిపోయింది. ఒకదానిలో మూడవ వంతు సమాచారం అందకుండా పోయింది. మరొకటి పూర్తిగా మూగబోయింది.

ఈ ఆపదకు విరుగుడుగా మేలైన ఎస్‌ఎస్‌డీలలో కెపాసిటర్లను అమర్చుతారు. అవి విద్యుత్తు ఆగిన తరువాత కొన్ని మిల్లీసెకన్లపాటు శక్తినిచ్చి, చేతిలో ఉన్న రాతను, పట్టికను ఫ్లాష్‌లోనికి చేర్చుతాయి. అయితే అమ్మకపు కాగితంపై విద్యుత్ రక్షణ అన్న మాట కనిపించగానే సంతృప్తి చెందరాదు. కొందరు తయారీదారుల మాటకు అర్థం, ఇదివరకే రాసి ఉన్న సమాచారం చెడదని మాత్రమే. రాస్తూ ఉన్న సమాచారానికి కూడా రక్షణ ఉన్నదా అన్నది వేరే ప్రశ్న. రెండవదానికి కెపాసిటర్లు కావలసిందే. యు.పి.ఎస్. ఉన్నది కదా అని వీటిని విస్మరించడం కూడా తగదు. యు.పి.ఎస్. బ్యాటరీ ఎంత పాతదో చూసేవారు ప్రతిచోటా ఉండరు. తుడిచేటప్పుడు తీగ లాగివేసే చీపురును ఏ యు.పి.ఎస్. కూడా ఆపలేదు.

వేడి మూడవ శత్రువు. ఈ పెట్టెలలో చాలావాటికి పంకా ఉండదు, లోహపు ఒళ్ళే వేడిని బయటికి పంపాలి. మే నెలలో రెంటచింతల, రామగుండం వంటి చోట్ల బయటే 45 డిగ్రీలు దాటుతుంది. మూసిన అలమరలోని పెట్టె లోపల ఎంత ఉంటుందో ఊహించవచ్చు. సాధారణ నిల్వ సాధనాలను 0 నుండి 70 డిగ్రీల వరకు, పారిశ్రామిక శ్రేణివాటిని మైనస్ 40 నుండి 85 డిగ్రీల వరకు పనిచేసేలా తయారుచేస్తారు. స్తంభానికి తగిలించిన పెట్టెలోనో, రేకుల షెడ్డులోనో ఉండే పరికరానికి రెండవ శ్రేణి అవసరం. గాలి ఆడే గదిలో ఉన్నదానికి అంత ఖర్చు వృథా.

ఇక ఎంపిక విషయం. కొనుగోలుదారులు మొదట చూసేది వేగం. ఫైర్‌వాల్‌కు నిల్వ వేగంతో దాదాపు పని లేదు. మేలుకొనేటప్పుడు ఒకసారి చదువుకున్నాక, సమాచారాన్ని తనిఖీ చేసే పనంతా స్మృతిలోను, ప్రాసెసర్‌లోను జరుగుతుంది. చూడవలసినది జీవితకాలంలో ఎన్ని టెరాబైట్లు రాయవచ్చునని తయారీదారు హామీ ఇచ్చాడన్న అంకె. కొందరు దీనినే రోజుకు ఎన్నిసార్లు నిల్వనంతటినీ నింపవచ్చునన్న రూపంలో చెబుతారు. 480 గిగాబైట్ల నిల్వను అయిదేళ్ళపాటు రోజుకొకసారి నింపవచ్చునంటే 876 టెరాబైట్లని అర్థం. హామీ అంకె పక్కన రోజువారీ రాత లెక్క వేసి చూసుకుంటే చాలు, ప్రకటనలతో పని ఉండదు. యు.ఎస్.బి. పుల్లలు, కెమెరా కార్డులు చవక. కాని వాటిలో చాలావాటికి ఇటువంటి హామీ ఉండదు, లోపలి అరుగుదలను తెలుసుకొనే మార్గమూ ఉండదు. చెప్పిన పరిమాణంలో పావు వంతు కూడా లేని నకిలీ కార్డులు బజారులో దొరకడం కొత్త సంగతి కాదు.

పేరును నమ్మడంలోనూ జాగ్రత్త కావాలి. సమీక్షకులు మెచ్చిన ఎస్‌ఎస్‌డీ పేరును అలాగే ఉంచి, లోపల తక్కువరకం చిప్‌లు అమర్చి అమ్మిన ఉదంతాలు 2014లోను, 2021లోను వెలుగు చూశాయి. పారిశ్రామిక శ్రేణి తయారీదారులు కొందరు, లోపలి భాగాలను చెప్పకుండా మార్చబోమని రాతపూర్వకంగా హామీ ఇస్తారు. వారు ఎక్కువగా వసూలు చేసే ధరలో కొంత ఈ హామీకే చెల్లుతుంది.

అయితే ఖరీదైనదంతా నమ్మదగినదే అనుకోవడం కూడా పొరపాటే. టొరంటో విశ్వవిద్యాలయ ఆచార్యురాలు బియాంకా ష్రోడర్, గూగుల్ ఇంజనీర్లతో కలిసి ఆ సంస్థలో ఆరేళ్ళపాటు వాడిన ఫ్లాష్ డ్రైవుల చరిత్రను పరిశీలించి 2016లో ప్రకటించారు. హార్డ్ డిస్కులకంటె వీటిని మార్చవలసిన అవసరం తక్కువగా కలిగింది. కాని మొదటి నాలుగేళ్ళలో, రకాన్ని బట్టి నూటికి 20 నుండి 63 డ్రైవులలో కనీసం ఒక్కసారైనా సరిదిద్దలేని దోషం తలెత్తింది. ఒక బిట్ పద్ధతి గల ఖరీదైన చిప్‌లు రెండు బిట్లవాటికంటె నమ్మకంలో మెరుగని కూడా తేలలేదు.

లోపలి ఫర్మ్‌వేర్‌లోని దోషం ముందు చిప్ నాణ్యత ఏమీ చేయలేదు. 2019 నవంబరులో హెచ్‌పీఈ సంస్థ తన వినియోగదారులకు ఒక హెచ్చరిక పంపింది. కొన్ని రకాల ఎస్‌ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలు పనిచేసిన తరువాత, అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలకు, సమాచారంతో సహా తిరిగిరాకుండా ఆగిపోతాయన్నది దాని సారాంశం. రెండును రెండుతో పద్నాలుగు మార్లు హెచ్చించగా వచ్చే అంకె 32,768. గంటలను లెక్కించే భాగానికి ఆ పైన లెక్క తెలియదన్న మాట. 2020 మార్చిలో మరికొన్ని డ్రైవుల విషయంలో 40,000 గంటల గడువు బయటపడింది. రెండింటికీ మరమ్మతు ఫర్మ్‌వేర్ వెలువడింది. ఒకటి పోతే మరొకటి ఉంటుందని జంట డ్రైవులను ఒకే రోజున కొని, ఒకే రోజున బిగించినవారు ఈ ఉదంతాన్ని శ్రద్ధగా చదవాలి. కవలలు ఒకే గంటకు కన్నుమూస్తే జంట వలన ప్రయోజనం లేదు. వేర్వేరు తయారీదారులవి కాకపోయినా, వేర్వేరు నెలలలో వాడుకలోకి వచ్చినవైనా ఎంచుకోవడం ఉత్తమం.

సరైన నిల్వను ఎంచుకున్న తరువాత కూడా దానిపై భారం తగ్గించడం యజమాని చేతిలో ఉన్నది. చిట్టాను తాత్కాలిక స్మృతిలో ఉంచి, శాశ్వతంగా కావలసినదానిని వేరొక కంప్యూటర్‌కు పంపవచ్చు. నిల్వలో కొంత భాగాన్ని వాడకుండా వదిలితే కంట్రోలర్‌కు తావు మార్చుకోవడానికి వెసులుబాటు కలుగుతుంది. ఎస్‌ఎస్‌డీలు తమ ఆరోగ్య నివేదికను తామే రాసుకుంటాయి. ఇంతవరకు ఎంత రాశారు, ఎన్ని బ్లాకులు చెడ్డాయి, ఓర్పులో ఎన్ని పాళ్ళు మిగిలింది అన్న అంకెలను నెలకొకసారి చదివి నమోదు చేయడానికి అయిదు నిమిషాలు చాలు.

అమరికల ఫైలు ప్రతి ఒకటి పెట్టె బయట మరొకచోట ఉండాలి. అది ఉంటే, నిల్వ చెడిపోయినా అదే రకపు మరొకటి బిగించి పని తిరిగి నడిపించవచ్చు. కొందరు జాగ్రత్తపరులు ఆ రెండవదానిని కూడా ముందే సిద్ధం చేసి సొరుగులో ఉంచుతారు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. విద్యుత్తు లేకుండా పడి ఉన్న ఫ్లాష్ గదులలోనుండి ఎలక్ట్రాన్లు మెల్లమెల్లగా జారిపోతాయి. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం, హామీ మేరకు పూర్తిగా వాడేసిన సాధారణ ఎస్‌ఎస్‌డీ 30 డిగ్రీల వేడిలో ఒక సంవత్సరం, సర్వర్ల శ్రేణిది 40 డిగ్రీలలో మూడు నెలలు మాత్రమే సమాచారాన్ని నిలుపుకుంటే చాలు. కొత్తదానికి ఇంత భయం లేదు. కాని పాత పరికరంలోనుండి తీసిన అరిగిన డ్రైవును అవసరానికి ఉంటుందని సొరుగులో వేసి, రెండు వేసవులు గడిచాక దానిని నమ్ముకోవడం సాహసమే. సొరుగులో ఉంచేది కొత్తదై ఉండాలి, ఏడాదికొకసారి బిగించి మేలుకొంటున్నదో లేదో చూడాలి.